రెండో బకెట్టులోని ఇసుక

2022 నవంబరు 3, గురువారం. సాయంత్రం ఏడూ పదికి నోయిడాలో ఒక అపార్ట్‌మెంటు పద్నాలుగో అంతస్తులో, నాలుగడుగుల గాజు తొట్టి ముందు టేపు పట్టుకుని నిలబడి ఉన్నాను. ఈ సమయం జ్ఞాపకం మీద ఆధారపడి రాస్తున్నది కాదు, నా నోటుబుక్కులో ఉంది. దాన్ని ముందే చెప్పడానికి కారణం ఉంది. ఈ కేసులో నేను చేసిన తప్పు ఆ ఏడూ పదిలోనే ఉంది.

నేను ముప్ఫై ఒక్క ఏళ్లు నీటి పరీక్షల ల్యాబులో పనిచేశాను. మావారు సైన్యంలో ఉండటంతో కాకినాడ నుంచి ఢిల్లీ కంటోన్మెంటుకు వచ్చి, ఇక్కడే ఉండిపోయాను. రిటైరయ్యాక సాకేత్‌లోని ఇంటి నుంచి రీఫ్ అక్వేరియంల పని మొదలుపెట్టాను. రీఫ్ అక్వేరియం అంటే పగడాలు పెంచే ఉప్పునీటి తొట్టి. సముద్రానికి ఇంత దూరంలో ఈ పిచ్చి ఎవరికుంటుందని అడుగుతుంటారు. దూరంగా ఉన్నవాళ్లకే ఎక్కువ. నాతో పాటు పద్నాలుగేళ్లుగా ఇక్బాల్ భయ్యా ఉన్నాడు. ఆయన ప్లంబరు, నాకంటే పదిహేనేళ్లు చిన్నవాడు. నేను లెక్క చెబుతాను, ఆయన పైపు బిగిస్తాడు.

తొట్టి అడుగున పరిచేదాన్ని మా పనిలో సబ్‌స్ట్రేట్ అంటాం. చూసేవాళ్లకు అది అలంకారం. నిజానికి తొట్టి బాగోగులు సగం దాని చేతిలో ఉంటాయి. చేపల వ్యర్థాన్ని విరిచే బాక్టీరియా అందులోనే ఉంటుంది. ముఖ్యంగా మూడు దారులున్నాయి. మొదటిది ఆరగొనైట్ అనే సన్నటి సముద్రపు ఇసుక. ఇది సున్నపు జాతిది, వెనిగర్ చుక్క వేస్తే నురుగు వస్తుంది. నది ఇసుకకు రాదు. రెండోది క్రష్డ్ కోరల్, అంటే మూడు నాలుగు మిల్లీమీటర్ల పగడపు నూక. మూడోది బేర్ బాటమ్, అంటే ఏమీ పరచకుండా గాజును అలాగే వదిలేయడం. సన్న ఇసుక అందంగా ఉంటుంది గానీ పంపుల వేగం ఎక్కువైతే లేచి తుఫానులా తిరుగుతుంది. నూక లేవదు, కానీ సందుల్లో మురికి పట్టుకుంటుంది. ఏది ఎంచుకోవాలన్నది ఆ తొట్టిలో ఎవరు బతుకుతున్నారన్నదాన్ని బట్టి ఉంటుంది. ఈ వాక్యాన్ని నేను ఎంతమందికి చెప్పానో లెక్కలేదు.

ఆ ఫ్లాటు ప్రవీణ్‌ది. కరీంనగర్ అబ్బాయి, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. భార్య ఆ మూడు నెలలు ఆఫీసు పనిమీద పుణెలో ఉంది. ఇంట్లో అతనూ, వాళ్లమ్మ నర్సమ్మ గారూ ఉన్నారు. తొట్టి ఆరేళ్లది. అడుగున ఆరు సెంటీమీటర్ల సన్న ఇసుక, గాజు పక్క నుంచి చూస్తే కింద నల్లటి చార. నైట్రేట్, అంటే కుళ్లిన వ్యర్థం చివరికి నీటిలో మిగిల్చేది, పదిలోపు ఉండాల్సింది అరవై ఉంది. ప్రవీణ్‌కు ఎప్పటి నుంచో గట్టి పగడాలు పెంచాలని కోరిక. కొమ్మలు కొమ్మలుగా ఎదిగేవి. వాటికి నీరు శుభ్రంగా, వేగంగా తిరగాలి.

"ఆంటీ, ఈ ఇసుకంతా తీసేద్దాం. రెండేళ్లుగా అనుకుంటున్నా. పెద్ద పంపులు కూడా తెచ్చి పెట్టుకున్నా," అన్నాడు. మెడలో ఆఫీసు కార్డు ఇంకా అలాగే ఉంది.

"చేపలెన్ని?"

"నాలుగు. రెండు క్లౌన్, ఒక టాంగ్, ఒక బ్లెనీ."

నర్సమ్మ గారు వంటింటి గుమ్మంలో నిలబడి వింటున్నారు. "పస్పుది గూడ ఉన్నది గదా," అన్నారు.

"అది పోయి చాలా రోజులైంది అమ్మా."

"పోవుడేంది? పండుకున్నది."

"అమ్మా, ఆంటీకి లేటైతుంది. చాయ్ పెట్టు." నా వైపు తిరిగి, "ఒక పసుపు రంగు రాస్ ఉండె ఆంటీ. నేను చూడక ఎనిమిది నెలలైంది," అన్నాడు.

నేను తొట్టిలోకి చూశాను. లైట్ల టైమరు పొద్దున పది నుంచి సాయంత్రం ఆరు వరకు. అవి ఆరిపోయి గంటా పది నిమిషాలైంది. టార్చి వేస్తే నాలుగు చేపలే కనిపించాయి. యజమాని నాలుగన్నాడు, నా కంటికీ నాలుగే. నోటుబుక్కులో "చేపలు: 4" అని రాశాను.

రాస్ జాతి చేపల్లో చాలావాటికి ఒక అలవాటుంది. వెలుతురు తగ్గగానే ఇసుకలోకి దూరి పడుకుంటాయి, లైటు వచ్చాక గానీ లేవవు. ఇది నాకు తెలియని విషయం కాదు. ఆమె "పండుకున్నది" అన్న మాట నా చెవిన పడింది కూడా. అయినా నేను యజమాని లెక్కనే రాశాను.

నాలుగు చేపల లెక్క ప్రకారం నిర్ణయం తేలికైంది. ఇసుక తీసేసి, పగడపు నూక రెండున్నర సెంటీమీటర్లు. తొట్టి పొడవు నూట ఇరవై సెంటీమీటర్లు, వెడల్పు యాభై. అంటే పదిహేను లీటర్లు, తూకంలో పద్దెనిమిది కిలోలు. పాత ఇసుక ముప్ఫై ఆరు లీటర్లు, బకెట్టుకు ఐదు చొప్పున ఏడు బకెట్లు, చివరిదాంట్లో ఆరు.

నవంబరు 12, శనివారం. పొద్దున ఎనిమిదిన్నరకు మొదలుపెట్టాం. బయట పొగమంచు, పద్నాలుగో అంతస్తు నుంచి ఎదుటి టవరు కనిపించడం లేదు. బాల్కనీలో పదిహేను డిగ్రీలు. లైట్లు ఆపే ఉంచాం, పని చేసేటప్పుడు అలాగే చేస్తాం. నర్సమ్మ గారు అప్పటికే స్నానం చేసి పక్క టవరుకు వెళ్లారు. కార్తీక మాసం, ఎవరో తెలుగువాళ్లింట్లో సత్యనారాయణ వ్రతం. వెళ్తూ తొట్టి వైపు చూసి, "జాగ్రత్త మేడమ్," అన్నారు. నా మోకాళ్ల గురించి అంటున్నారనుకున్నాను.

రాళ్లు, మెత్తటి పగడాలు, నాలుగు చేపలు టబ్బుల్లోకి మార్చాం. తొమ్మిదీ నలభైకి ఇక్బాల్ ఎడమ మూల నుంచి వెడల్పు మగ్గుతో ఇసుక ఎత్తడం మొదలుపెట్టాడు. నల్లటి నీళ్లు, కుళ్లిన గుడ్డు వాసన. ఒక్కో బకెట్టు మొదలుపెట్టగానే టేపు ముక్క అంటించి, అంకె, సమయం రాశాను. దీనికి ఇక్బాల్ ఎప్పుడూ నవ్వుతాడు. "మేడమ్ జీ, ఇది మట్టి. దీనికి కూడా జన్మపత్రికా?" అన్నాడు హిందీలో. బాల్కనీ ఇరుకు, పైగా బట్టలు ఆరేసి ఉన్నాయి. అందుకని మొదటి రెండు బకెట్లను పదింబావుకు కిందికి పంపేశాం. టవరు వెనక కట్టడం పనుల రద్దు పోసే చోటుంది.

పదీ నలభై ఐదుకు ఏడో బకెట్టు నిండింది. పదకొండూ ఐదుకు నర్సమ్మ గారు ప్రసాదం పొట్లంతో లోపలికి వచ్చారు. ఖాళీ గాజు తొట్టి చూశారు. టబ్బుల దగ్గరికి వెళ్లి ఒక్కొక్కదాంట్లోకి వంగారు.

"పస్పుది ఏది?"

ఇక్బాల్ మగ్గు కింద పెట్టాడు.

"బిడ్డా, పస్పుది ఏది?"

ప్రవీణ్, "అమ్మా, అది ఎప్పుడో..." అన్నాడు.

"నిన్న పగటీలి నా ఏలి కొస కొరికింది రా. రోజు పదిగొట్టంగ లేస్తది, నేను అద్దం మీద ఏలు పెడితె వస్తది. నీకేం ఎర్క? నువ్వు పొయినంక లేస్తది, వచ్చెటాలకు పండుకుంటది."

ప్రవీణ్ తొట్టి ముందు వేలాడే టైమరు వైపు చూశాడు. ఆఫీసు కాబ్ ఎనిమిదింటికి. తిరిగొచ్చేది ఏడింటికి. శని, ఆదివారాలు కూడా ఆ మధ్యంతా గదిలో తలుపేసుకుని ఆఫీసు కాల్సే. అతనిలో ఏదో లెక్క కుదురుతున్నట్టు కనిపించింది. నాలో అప్పటికే కుదిరిపోయింది.

"ఎక్కడ పడుకుంటుంది నర్సమ్మ గారూ? చోటు చూపించండి."

ఆమె తొట్టి ఎడమ గోడకు బొటనవేలు ఆనించి చెయ్యి చాపారు. "జానెడు. గీడ. రోజు గీడ్నే."

జానెడు అంటే మామూలుగా ఇరవై రెండు సెంటీమీటర్లు అంటారు. నేను ఆమె చేతిని టేపుతో కొలిచాను. పంతొమ్మిది. నూట ఇరవై సెంటీమీటర్ల తొట్టి, ముప్ఫై ఆరు లీటర్లు. ఒక్కో ఐదు లీటర్ల బకెట్టుకు దాదాపు పదిహేడు సెంటీమీటర్ల పట్టీ. పంతొమ్మిది అంటే రెండో బకెట్టు, కానీ మొదటిదాని అంచుకు రెండు సెంటీమీటర్లే. చేప పొడవు ఎంతని అడిగితే ఆమె మధ్యవేలు చూపించారు. రెండింటిలో ఎందులోనైనా ఉండొచ్చు. ఆ రెండూ కిందే ఉన్నాయి, దాదాపు గంట నుంచి.

పాత తొట్టి నీళ్లు పది లీటర్లు, ఇరవై ఐదు డిగ్రీలవి, మూత డబ్బాలో పట్టించాను. నర్సమ్మ గారు వంటింట్లోంచి రెండు వెడల్పు స్టీలు బేసిన్లు తెచ్చారు. ఎందుకని అడిగే సమయం లేదు. సర్వీసు లిఫ్టు ఆరో అంతస్తులో ఆగింది, ఎవరో మంచం ఎక్కిస్తున్నారు. ఆ నాలుగు నిమిషాల్లో ఎవరమూ ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు.

కింద ఊడ్చే ఆవిడ ఒక బకెట్టు గుట్ట మీద కుమ్మరించేసి, ఖాళీది కడగడానికి పక్కన పెట్టింది. ఇంకొకటి అలాగే ఉంది. నేను ముందు ఖాళీ బకెట్టు దగ్గరికి వెళ్లాను. టేపు మీద "1, 9.40" అని ఉంది. నిండుగా ఉన్నదాని మీద "2, 9.50".

"ఇక్బాల్ భయ్యా, మీరు ఆ కుప్ప చూడండి. చేత్తో, నెమ్మదిగా," అన్నాను. నేను రెండో బకెట్టులో చెయ్యి పెట్టబోయాను.

"ఉండు మేడమ్మ. గట్ల కెలికితె నలుగుతది." నర్సమ్మ గారు నా మణికట్టు పట్టుకుని పక్కకు తీశారు. నేల మీద కూర్చుని రెండు బేసిన్లు ఎదురెదురుగా పెట్టుకున్నారు. ఒకదాంట్లో రెండు గుప్పిళ్ల ఇసుక, మునిగేటంత నీళ్లు. బేసిన్ అంచు పట్టుకుని కుదుపుతూ, వంచుతూ, పైకి తేలిన నీటిని రెండోదాంట్లోకి జారవిడిచారు.

బియ్యం గాలించడం. చిన్నప్పుడు మా ఇంట్లోనూ చూశాను. రాళ్లు కిందికి దిగుతాయి, బియ్యం నీటితో పాటు అవతలి గిన్నెలోకి వెళ్తాయి. ఇక్కడ ఇసుకే రాళ్లు. నేను ఆ పని చేసి నలభై ఏళ్లయింది. ఆమె చెయ్యి మాత్రం ఆగలేదు. కుదుపు, వంపు, విడుపు. కుదుపు, వంపు, విడుపు. ఇసుకలో బతికే ప్రతి జీవీ బరువులో ఇసుక కంటే తేలికని నేను పుస్తకంలో చదువుకున్నాను. ఆమెకు మోచేతిలో తెలుసు.

ఒక చిన్న నత్త వచ్చింది. రెండు పురుగులు వచ్చాయి. బకెట్టు సగమైంది. ప్రవీణ్ పక్కన గొంతుక్కూర్చుని నీళ్లు పోస్తున్నాడు. "అమ్మా, నేను చేస్త," అన్నాడు.

"నీకు రాదు. నీళ్లు పొయ్యి."

కుప్ప దగ్గర నుంచి ఇక్బాల్ లేదన్నట్టు తల ఊపాడు. బకెట్టులో నాలుగు వేళ్ల ఇసుక మిగిలింది, దాని మీద కొంచెం నల్లనీరు. పదకొండూ ముప్ఫై ఒకటికి ఆమె బేసిన్ వంచినప్పుడు నిమ్మతొక్కలాంటిది ఒకటి నీటితో పాటు జారింది.

పక్కకు పడిపోయి ఉంది. కదలిక లేదు. డబ్బాలోని గోరువెచ్చటి నీళ్లలోకి వదిలాను. ఇసుకతో పాటు బకెట్టులోకి ఎత్తి అప్పటికి గంటా నలభై ఒక్క నిమిషాలు. దాని మొప్పల దగ్గర కన్ను పెట్టి చేతిగడియారం చూశాను. ఒకసారి ఆడింది. చాలాసేపటికి మళ్లీ ఒకసారి. మొదటి నిమిషంలో తొమ్మిది. రెండో నిమిషంలో పదకొండు.

"గిన్‌తీ ఛోడియే మేడమ్ జీ, దువా కీజియే," అన్నాడు ఇక్బాల్. లెక్క మానేసి దేవుణ్ణి తలుచుకోమంటున్నాడు. నేను లెక్క మానలేదు. నాకు వచ్చిన ప్రార్థన అదొక్కటే.

పైకి వచ్చాక నర్సమ్మ గారు శుభ్రంగా గాలించిన ఇసుకను అన్నం గిన్నెలో వేసి, చేప ఉన్న టబ్బులో పెట్టారు. పన్నెండూ ఇరవైకి అది నిటారైంది. గిన్నె చుట్టూ ఒకసారి తిరిగి, ముక్కు ఆనించి, లోపలికి దూరిపోయింది.

అప్పుడు అసలు ప్రశ్న వచ్చింది. పద్దెనిమిది కిలోల నూక కడిగి సిద్ధంగా ఉంది. దానిలోకి ఈ చేప దూరలేదు. దూరబోతే అంచులకు ఒళ్లు గీసుకుంటుంది. సన్న ఇసుక వేస్తే పెద్ద పంపులు నడపలేం. పంపులు లేకపోతే ప్రవీణ్ కోరుకున్న గట్టి పగడాలు లేవు. రెండూ కుదరవని చెప్పాను.

ప్రవీణ్ పెద్ద పంపుల పెట్టె వైపు చూశాడు. "ఆంటీ, దాన్ని మీ దగ్గర ఇంకో ట్యాంకులో పెట్టలేరా? మంచిగనే ఉంటది కదా."

"పెట్టగలను," అన్నాను. అది నిజం. నా దగ్గర చోటుంది.

నర్సమ్మ గారు బేసిన్లు తుడుస్తున్నారు. తల ఎత్తకుండానే అన్నారు. "నాకు హిందీ రాదు బిడ్డా. కింద పార్కుల కూసుంటె అందరు నమస్తే అంటరు, పోతరు. నువ్వు పొయినంక గీ ఇంట్ల నన్ను చూసి లేచేది గదొక్కటే. తీస్కపోతె తీస్కపోండ్రి. నేనేమంట."

ప్రవీణ్ పెద్ద పంపుల పెట్టెను కాలితో మెల్లగా గోడ దగ్గరికి నెట్టాడు. "సన్న ఇసుకే వెయ్యండి ఆంటీ."

ఇక్బాల్ సాకేత్ వెళ్లి మా ఇంట్లో ఉన్న ఆరగొనైట్ సంచులు తెచ్చాడు. ఎడమ వైపు మూడో వంతులో ఆరు సెంటీమీటర్లు, మిగతాచోట మూడు. ఆరూ నలభైకి గిన్నెను అలాగే తొట్టిలోకి దించి, ఎడమ గోడ నుంచి సరిగ్గా పంతొమ్మిది సెంటీమీటర్ల దగ్గర వంచాం.

పని అయిపోయింది గానీ భయం అప్పుడే మొదలైంది. బెదిరిన రాస్ రోజుల తరబడి ఇసుకలోంచి రాదు. చచ్చిన రాస్ కూడా రాదు. పైనుంచి చూస్తే రెంటికీ తేడా లేదు. ఉన్న ఆధారం అమోనియా ఒక్కటే. లోపల ఏదైనా కుళ్లితే అది పెరుగుతుంది. కానీ రాళ్లు కదిలించినందుకు కూడా కొంత పెరుగుతుంది. ఆదివారం లీటరుకు పావు మిల్లీగ్రాము. సోమవారం పావు. రెండు రోజులూ పదింబావుకు ఫోను చేశాను. రెండుసార్లూ నర్సమ్మ గారు, "లేవలే," అన్నారు. మంగళవారం ప్రవీణ్ పొద్దున్నే పరీక్ష చేసి ఫోటో పంపాడు. పరీక్ష గొట్టంలో ఆకుపచ్చ ముదిరింది. అర.

ఆ రోజు నేను ఇంకే ఇంటికీ వెళ్లలేదు. ఇసుక తవ్వి చూద్దామా? బతికి ఉంటే ఆ తవ్వడమే చంపుతుంది. తవ్వకపోతే, చచ్చినదాని విషంతో మిగతా నాలుగూ పోతాయి. నోటుబుక్కులో రెండు గడులు గీసి కారణాలు రాసుకున్నాను. రెండూ సమానంగా వచ్చాయి. నీళ్లు పావు వంతు మార్చమని చెప్పి, ఒక్కరోజు గడువు పెట్టుకున్నాను.

నవంబరు 16, బుధవారం, తొమ్మిదిన్నరకు నేనే వెళ్లాను. తలుపు తీసింది ప్రవీణ్. ఆఫీసుకు సెలవు పెట్టాడట. తొట్టి ముందు మూడు కుర్చీలు వేసి ఉన్నాయి. పదింటికి లైట్లు వెలిగాయి. నర్సమ్మ గారు అద్దం మీద వేలు ఆనించారు. పదీ పది. పదింబావు. చాయ్ చల్లారిపోయింది. సంచిలో వెడల్పు మగ్గు, చిన్న వల తెచ్చుకున్నాను. పదిన్నరకు తవ్వాలని నిర్ణయం.

పదీ ఇరవై రెండుకు, గోడకు జానెడు దూరంలో ఇసుక కొంచెం ఉబ్బింది. ఒక పసుపు ముక్కు, తర్వాత ఒక కన్ను. అది అటూ ఇటూ చూసి, ఒక్కసారి విదిల్చుకుని బయటికి వచ్చి, సరాసరి ఆమె వేలి దగ్గరికి ఈదింది. ఎడమ రెక్క అంచు చిరిగి ఉంది.

"ఇంత పెద్దగైందా!" అన్నాడు ప్రవీణ్. ఎనిమిది నెలల తర్వాత చూస్తున్నాడు.

"మూడు రోజులు అలిగింది ముండ," అన్నారు నర్సమ్మ గారు. తర్వాత నా వైపు తిరిగి, "అక్కా, ఇంకో చాయ్ పెడత, ఉండు," అన్నారు. అప్పటిదాకా నేను మేడమ్‌ని.

శనివారానికి అమోనియా సున్నా అయింది. నైట్రేట్ పదిలోపుకు రావడానికి ఏడు వారాలు పట్టింది. గట్టి పగడాలు రాలేదు. ప్రవీణ్ ఇప్పుడు బుధవారాలు ఇంటి నుంచే పనిచేస్తాడు.

సబ్‌స్ట్రేట్ ఎంపికలో నేను లెక్కలు తప్పు చేయలేదు. పదిహేను లీటర్లు పదిహేను లీటర్లే. తొట్టి కొన్నవాణ్ణి అడిగి, తొట్టి ముందు కూర్చునే మనిషిని అడగలేదు, అదే తప్పు. ఆ నెల నుంచి కొత్త తొట్టిని చీకటి పడ్డాక ఒక్కసారే చూసి పని ఒప్పుకోవడం మానేశాను. లైట్లుండగా ఒకసారి, ఆరాక ఒకసారి చూస్తాను. నా ఫారంలో చేపల సంఖ్య పక్కన "చెప్పినవారు" అని ఒక గడి పెంచాను. పగలు ఇంట్లో ఉండే వంటమనిషి కావచ్చు, అమ్మమ్మ కావచ్చు, వాళ్ల పేరు అందులో రాయనిదే ఇసుక తూచను.

ఆ ఇంటి పేజీలో నవంబరు 3 నాటి "4" కొట్టేసి ఉంది. పక్కన "5, నవంబరు 16, 10.22". దాని ఎదురుగా, తర్వాత గీసిన గడిలో: నర్సమ్మ గారు.